నాలుగేళ్ళు కూడా బతకని పార్టీ గురించి రాయాలంటే

పెద్ద పార్టీ చరిత్ర రాయడం ఒక రకంగా తేలికే, ఎందుకంటే దాని గురించి ఇప్పటికే వంద మంది రాసి ఉంటారు, మీరు వాళ్ళతో ఒప్పుకోవడమో గొడవపడటమో చేస్తే చాలు. చిక్కంతా చిన్న పార్టీతోనే. అదీ కమ్యూనిజం పడిపోయాక తూర్పు యూరప్‌లో పుట్టి, ఒక ఎన్నికలో మెరిసి, తర్వాతి ఎన్నికలో సున్నా తెచ్చుకుని, ఇంకో పార్టీలో కలిసిపోయిన లిబరల్ పార్టీ అయితే మీకు దొరికేది మూడు పేరాలు, ఒక ఓట్ల పట్టిక, చివర "విలీనమైంది" అనే ముక్క. అంతే. దాన్నుంచి చదవదగ్గ వ్యాసం ఎలా లాగాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ఉదాహరణ లేకుండా చెబితే గాల్లో లెక్కలవుతాయి, కాబట్టి ఒక్క పార్టీనే పట్టుకుందాం. పోలండ్‌లో లిబరల్ డెమోక్రటిక్ కాంగ్రెస్. పోలిష్ పొట్టి పేరు కా-ఎల్-దె. 1990లో పార్టీ అయింది, 1994 ఏప్రిల్‌లో లేకుండా పోయింది. మధ్యలో ఒక ప్రధానమంత్రిని ఇచ్చింది.

ముందు పేరు దగ్గరే ఆగండి. తెలుగులో రాసేటప్పుడు ఈ పేరులో రెండు గుంటలున్నాయి, నేను రెండింట్లోనూ పడ్డాను. మొదటిది "కాంగ్రెస్". మనవాళ్ళ చెవికి ఆ మాట వినపడగానే ఖద్దరు, చెయ్యి గుర్తు కనిపిస్తాయి. ఇక్కడ దాని అర్థం ఉత్త సదస్సు, సభ. 1988 చివర్లో గ్దాన్స్క్ ఊళ్ళో కొంతమంది లిబరల్స్ పెట్టుకున్న సమావేశాన్ని "లిబరల్స్ కాంగ్రెస్" అన్నారు, ఆ మాటే తర్వాత పార్టీకి అంటుకుపోయింది. ఇది మొదటి పేరాలోనే చెప్పేయండి.

రెండోది "లిబరల్". దీన్ని "ఉదారవాది" అని రాస్తే చదివేవాడికి దయగల మనిషి కనిపిస్తాడు, "లిబరల్" అని వదిలేస్తే ఫేస్‌బుక్‌లో తిట్లు తినే మనిషి కనిపిస్తాడు, రెండూ తప్పే. 1990 నాటి పోలండ్‌లో లిబరల్ అంటే ముందు సొంత ఆస్తి, మార్కెట్, చెయ్యి అడ్డం పెట్టని ప్రభుత్వం. నేనైతే "లిబరల్" అనే ఉంచి, ఆ పక్క వాక్యంలోనే "అంటే మార్కెట్‌ని నమ్మినవాళ్ళు" అని చెప్పేస్తాను. ఇంకో జాగ్రత్త: అదే రోజుల్లో రష్యాలో జిరినోవ్‌స్కీ నడిపిన పార్టీ పేరులో కూడా లిబరల్, డెమోక్రటిక్ రెండూ ఉన్నాయి. దానికి దేశాభిమానపు ఊగిపోవడమే తప్ప లిబరల్ వాసన కూడా లేదు. పేరు చూసి గాటన కట్టకండి.

మనుషుల పేర్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పోలిష్ అక్షరాలు ఇంగ్లిష్‌లాగా పలకవు. మనం వాలెసా అని చదువుకున్న ఆయన అక్కడ లెహ్ వవెన్సా. లెవందోఫ్స్కీ, బ్యెలెట్స్కీ, సుహోత్స్కా, బాల్త్సెరోవిచ్... ఒక్కో పేరుకి ఒక్క స్పెల్లింగ్ పెట్టుకుని చివరిదాకా మార్చకుండా రాయండి. ఒకే మనిషి మూడు పేర్లతో తిరిగితే పాఠకుడికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

ఇక అసలు పని. పార్టీ పుట్టిన తేదీతో మొదలుపెట్టకండి. పొట్టి ఆయుష్షు పార్టీలన్నిటిలోనూ ఒకటి గమనించాను, పార్టీ కంటే పార్టీకి ముందు నడిచిన స్నేహాలకే వయసెక్కువ. ఈ గ్దాన్స్క్ బ్యాచ్ 1990లో ఊడిపడలేదు. 1980లో అదే ఊరి షిప్‌యార్డ్‌లో సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘం పుట్టింది, 1981 డిసెంబర్ 13న సైనిక పాలన వచ్చి దాన్ని తొక్కేసింది, చాలామంది ఉద్యోగాలు పోయాయి. 1983లో డొనాల్డ్ టుస్క్, ఆయన మిత్రులు కలిసి "ప్షెగ్లాంద్ పొలితిచ్నీ" అని ఒక పత్రిక దొంగచాటుగా అచ్చేయడం మొదలుపెట్టారు, అంటే "రాజకీయ సమీక్ష". అలాంటి దొంగచాటు అచ్చుకి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు "రెండో చలామణీ". సెన్సార్ ముద్ర పడ్డది మొదటి చలామణీ, పడనిది రెండోది. ఈ ఒక్క మాట మీ వ్యాసంలో పెడితే ఆ కాలం గురించి ఒక పేరా ఆదా అవుతుంది.

అయితే పత్రికల కంటే నాకు ముఖ్యమనిపించేది వీళ్ళు పొట్టకూటికి ఏం చేశారన్నది. ప్రతి ముఖ్యమైన మనిషి పేరు ఎదురుగా "ఆ రోజుల్లో జీతం ఎక్కడిది?" అని ఒక గడి పెట్టుకోండి. టుస్క్ పేరు ఎదురుగా ఏం వస్తుందో తెలుసా? ఒళ్ళంతా తాళ్ళు కట్టుకుని ఫ్యాక్టరీ చిమ్నీల మీద వేలాడుతూ రంగులు వేయడం. గ్దాన్స్క్‌లో ఒక సహకార సంఘం అలాంటి ఎత్తు పనులు కాంట్రాక్టుకి తీసుకునేది, పరంజా కట్టకుండా తాళ్ళమీద దిగి చేసేవాళ్ళు కాబట్టి పని తొందరగా అయ్యేది, డబ్బూ బాగానే వచ్చేది. యాన్ క్షిష్తోఫ్ బ్యెలెట్స్కీ సైనిక పాలన తర్వాత కొన్నాళ్ళు లారీ నడిపాడు, 1985 నుంచి "సలహాదారు" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక కన్సల్టెన్సీ సహకార సంఘం నడిపాడు. కమ్యూనిస్టు చట్టంలో సహకార సంఘం అన్నది ఒక సందు, ఆ సందులోంచి ప్రైవేటు సంపాదన దూరేది. యానుష్ లెవందోఫ్స్కీ ఆర్థికశాస్త్రం మనిషి, ప్రభుత్వ కంపెనీలని కూపన్ల రూపంలో జనానికి పంచేస్తే ఎలా ఉంటుంది అని 1988లోనే యాన్ షోంబుర్గ్‌తో కలిసి ఒక ప్లాన్ రాశాడు. ఆ గడి నింపేసరికి సిద్ధాంతం దానంతటదే బయటపడుతుంది. వీళ్ళకి మార్కెట్ అంటే పుస్తకంలో మాట కాదు, నెలాఖరుకి చేతికొచ్చిన డబ్బు. ఈ వాక్యం మీరు రాయక్కర్లేదు, చిమ్నీ గురించి రాస్తే చాలు.

ఇక్కడ నన్ను ఒక హెచ్చరిక చేయనివ్వండి, మొత్తం వ్యాసంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. టుస్క్ తర్వాత 2007 నుంచి 2014 దాకా ప్రధాని, ఆ పైన యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు, 2023 డిసెంబర్‌లో మళ్ళీ ప్రధాని. ఇది తెలిసి రాస్తున్నాం కాబట్టి కలం ఊరుకోదు, పార్టీ కథంతా ఆయన బాల్యకాండలా తయారవుతుంది. కానీ 1990లో పార్టీ మొదటి అధ్యక్షుడు లెవందోఫ్స్కీ. టుస్క్ 1991లో ఆ కుర్చీలోకి వచ్చాడు. ప్రధాని అయింది బ్యెలెట్స్కీ. అప్పటి పేపర్ చదివే మనిషికి ఈ ముగ్గురిలో ఎవడు ముందుకెళ్తాడో తెలియదు, మీ వ్యాసంలోనూ తెలియకూడదు. దీనికి నేను వాడే చిట్కా ఒకటుంది. మెటీరియల్ సేకరించేటప్పుడు 1994 తర్వాత అచ్చయిన ఇంటర్వ్యూలు, జ్ఞాపకాలు అన్నీ విడిగా ఒక ఫోల్డర్‌లో పడేసి, మొదటి డ్రాఫ్ట్ అయ్యేదాకా తెరవను. మనుషులు గెలిచాక తమ ఓటమిని చాలా తెలివిగా గుర్తుచేసుకుంటారు.

తర్వాత అధికారం. ఇది కొంచెం ఓపిగ్గా రాయాలి, ఎందుకంటే అంత చిన్న పార్టీకి ప్రధాని పదవి ఎలా వచ్చింది అన్న ప్రశ్నకి జవాబు పార్టీ లోపల లేదు. 1990 చివర్లో అధ్యక్ష ఎన్నిక. సాలిడారిటీ రెండుగా చీలి దాని నాయకుడు వవెన్సా ఒకవైపు, అప్పటి ప్రధాని మజోవియెత్స్కీ ఒకవైపు నిలబడ్డారు. మొదటి రౌండ్‌లో వవెన్సా దాదాపు 40 శాతం, రెండో స్థానంలో ఎవరూ ఊహించని త్యిమీన్స్కీ, కెనడా నుంచి దిగిన వ్యాపారి, 23 శాతం. ప్రధాని గారికి 18 శాతం. మన గ్దాన్స్క్ లిబరల్స్ వవెన్సా పక్షం. గెలిచాక ఆయన ప్రధాని కోసం ముందు యాన్ ఒల్షెఫ్స్కీని అడిగాడు, అది కుదరలేదు, అప్పుడు 39 ఏళ్ళ బ్యెలెట్స్కీ. 1991 జనవరి 12న ప్రభుత్వం ఏర్పడింది. అంటే వాళ్ళు ఎక్కిన మెట్లు వాళ్ళు కట్టుకున్నవి కావు. పైగా అప్పటి పార్లమెంటు దిగువ సభ, సెయ్‌మ్, ఇంకా 1989 ఒప్పందం ప్రకారం వచ్చినదే, అందులో 65 శాతం సీట్లు కమ్యూనిస్టులకీ వాళ్ళ మిత్రపక్షాలకీ ముందే రాసిపెట్టినవి. మార్కెట్ ప్రభుత్వం, కమ్యూనిస్టు సభ.

ప్రభుత్వం చేసిన పనులన్నీ చిట్టా రాయాలనిపిస్తుంది. వద్దు. ఒక్క దృశ్యం పట్టుకోండి. 1991 ఏప్రిల్ 16, మంగళవారం. వార్సా స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదటి రోజు. అమ్మకానికి ఐదంటే ఐదు కంపెనీల షేర్లు, ఒకటి గాజు ఫ్యాక్టరీ, ఒకటి బట్టలు కుట్టేది, ఒకటి కేబుళ్ళు చేసేది, ఇంకొకటి స్పీకర్లు చేసేది, ఐదోది కట్టడాల కంపెనీ. వ్యాపారం వారానికి ఒక్కరోజే. బ్రోకర్లు తెల్ల చొక్కాల మీద ఎర్ర సస్పెండర్లు వేసుకుని కూర్చున్నారు. ఆ భవనం ఏదనుకున్నారు? నిన్నమొన్నటిదాకా కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయం. ఇంత చక్కటి దృశ్యం చరిత్ర మన చేతిలో పెట్టినప్పుడు దాని పక్కన "ఇది ఒక యుగాంతానికి ప్రతీక" అని రాసి పాడుచేయకండి. ఐదు కంపెనీలు, ఎర్ర సస్పెండర్లు, భవనం పేరు. చాలు.

ఇప్పుడు రెండో వైపు, అంటే జనం వీళ్ళని ఎందుకు ఛీకొట్టారు. లిబరల్ పార్టీల గురించి రాసేవాళ్ళు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే చాలామంది మనసులో వాళ్ళ పక్షమే ఉంటారు, అందుకని "ప్రజలు సంస్కరణలని అర్థం చేసుకోలేదు" అని తేల్చేస్తారు. జనానికి బాగానే అర్థమైంది. అంకెలు చూడండి: 1990 చివరికి నిరుద్యోగం 6.5 శాతం, 1991 చివరికి 12.2, 1993 చివరికి 16.4, మనుషుల లెక్కలో దాదాపు 29 లక్షలు. ప్రభుత్వ కంపెనీల్లో ఇంకో మంట, "పొపీవెక్". జీతాలు ప్రభుత్వం గీసిన గీత దాటి పెంచితే కంపెనీ మీద పడే శిక్ష పన్నుకి జనం పెట్టిన ముద్దుపేరు అది. అది ప్రభుత్వ కంపెనీకి పడేది, పక్క వీధిలో ప్రైవేటు షాపుకి పడేది కాదు. ధరలు పెరుగుతుంటే మీ ఫ్యాక్టరీ వాడు పెంచుదామనుకున్నా పెంచలేడు. సమ్మెలు ఎందుకు జరిగాయో ఇక వేరే చెప్పాలా.

డబ్బు గురించి రాసేటప్పుడు ఒక సున్నాల గొడవ ఉంది, జాగ్రత్త. పోలండ్ 1995 జనవరి 1న కరెన్సీ మార్చింది, పాత 10,000 జ్లోటీలు కొత్త 1 జ్లోటీ. 1991లో సగటు నెలజీతం సుమారు 17 లక్షల 70 వేల జ్లోటీలు అని చూసి నేను మొదటిసారి కళ్ళు నులుముకున్నాను, వీళ్ళకి కష్టం ఏమిటా అని. కొత్త లెక్కలో అది 177. 1995కి ముందు అంకె ఏది రాసినా అది పాతదో కొత్తదో పక్కనే చెప్పండి, లేకపోతే మీ పాఠకుడు పోలండ్‌ని లక్షాధికారుల దేశం అనుకుంటాడు.

తిట్లు కూడా సేకరించండి. పార్టీ మానిఫెస్టో ఎవరికీ గుర్తుండదు, తిట్టు గుర్తుంటుంది. పోలిష్‌లో "అఫెరా" అంటే కుంభకోణం. లిబరల్‌కి అది జతచేసి "లిబెరావ్-అఫెరావ్" అన్నారు, ప్రాస కుదిరింది, ఇక వదల్లేదు. ఆ రోజుల్లో బ్యాంకుల చుట్టూ పెద్ద పెద్ద కుంభకోణాలు బయటపడుతున్నాయి, వాటిలో ఈ పార్టీ పాత్ర ఎంత అన్నది ఒక్కో కేసు విడిగా చూడాల్సిందే తప్ప గంపగుత్తగా రాయకూడదు. కానీ ప్రాసకి రుజువు అక్కర్లేదు కదా. ఫ్యాక్టరీలు అమ్మే శాఖ వాళ్ళ చేతిలో ఉంది, మంత్రి లెవందోఫ్స్కీ, మళ్ళీ 1992లో హాన్నా సుహోత్స్కా ప్రభుత్వం వచ్చినప్పుడు కూడా ఆయనే. అమ్మేవాడి మీదే అనుమానం వస్తుంది.

ఇక ఎన్నికలు. ఇక్కడ కాలిక్యులేటర్ తీయండి, నిజంగా తీయండి, ఎందుకంటే ఈ పార్టీ చావు సగం అర్థశాస్త్రం, సగం కూడికలు తీసివేతలు.

1991 అక్టోబర్ 27. ఇంత శాతం ఓట్లు దాటితేనే సీట్లు అనే గోడ లేని ఎన్నిక. పోలింగ్ 43 శాతం. సెయ్‌మ్‌లోకి 29 పార్టీలూ గ్రూపులూ వచ్చిపడ్డాయి, అన్నిటికంటే పెద్ద పార్టీకి 12.32 శాతం, 460లో 62 సీట్లు. బీరు ప్రియుల పార్టీ అని సరదాగా మొదలైనది కూడా 16 సీట్లు తెచ్చుకుంది, అబద్ధం కాదు, అందులో కొందరు తర్వాత మన లిబరల్స్‌తోనే కలిసి కూర్చున్నారు. లిబరల్ డెమోక్రటిక్ కాంగ్రెస్‌కి 7.49 శాతం, అంటే దాదాపు 8 లక్షల 40 వేల ఓట్లు, 37 సీట్లు. "కుడికీ కాదు, ఎడమకీ కాదు, సూటిగా యూరప్‌కి" అన్నది వాళ్ళ నినాదం.

1993 సెప్టెంబర్ 19. ఓట్లు 5 లక్షల 50 వేలు, 3.99 శాతం, సీట్లు సున్నా.

చాలామంది ఇక్కడ "జనం తుడిచిపెట్టేశారు" అని రాస్తారు. ఆగండి. ఐదున్నర లక్షల మంది ఓటేశారు, అంటే పాత ఓట్లలో దాదాపు మూడింట రెండు వంతులు మిగిలే ఉన్నాయి. 1991 లెక్కలో 3.99 శాతానికి కచ్చితమైన దామాషా పడితే సుమారు 18 సీట్లు రావాలి. ఒక్కటీ రాకపోవడానికి కారణం కొత్త చట్టం, పార్టీకి 5 శాతం, కూటమికి 8 శాతం దాటాలి. ఆ గోడ ఎత్తు ఆ ఏడాది పోలైన ఓట్లలో దాదాపు 6 లక్షల 90 వేలు, వీళ్ళకి తగ్గింది సుమారు 1 లక్ష 40 వేలు. పోలింగ్ కూడా 52 శాతానికి పెరిగింది, ఇంకా కోపంగా ఉన్నవాళ్ళు బయటికొచ్చారు. పార్టీ "పది లక్షల కొత్త ఉద్యోగాలు" అని ప్రచారం చేసింది, 29 లక్షల మంది పని లేకుండా ఉన్న దేశంలో, మూడేళ్ళలో రెండు ప్రభుత్వాల్లో ఉండి వచ్చి.

తేదీలు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు చేసుకోండి, అప్పుడే ఇలాంటివి దొరుకుతాయి. ఈ కొత్త ఎన్నికల చట్టం మీద తేదీ 1993 మే 28. సుహోత్స్కా ప్రభుత్వం అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా అదే రోజు. ఒకే సభ, ఒకే రోజు, ఒక చేత్తో ప్రభుత్వాన్ని కూల్చి, రెండో చేత్తో గోడ కట్టింది. అవిశ్వాసం పెట్టింది సాలిడారిటీ యూనియన్ ఎంపీలు. ఎన్నికల్లో సాలిడారిటీకి వచ్చింది 4.90 శాతం, వాళ్ళకీ సున్నా. ఇలా గోడ కింద నలిగిపోయిన ఓట్లు మొత్తం ఓట్లలో మూడోవంతు పైనే. లాభపడ్డది మాజీ కమ్యూనిస్టులు, 20.41 శాతం ఓట్లకి 171 సీట్లు, వాళ్ళతో జతకట్టిన రైతుల పార్టీ, 15.40 శాతానికి 132.

మీ వ్యాసంలో ఈ లెక్క చూపించండి, కానీ దాని వెనక దాక్కోకండి. చట్టం మారకపోయినా పార్టీ సగానికి పడిపోయేదే. రెండూ నిజాలే, రెండూ రాయాలి.

ఈ అంకెలన్నీ పోలండ్ ఎన్నికల కమిషన్ లెక్కల్లో ఉంటాయి, సెయ్‌మ్ ప్రసంగాలు మాటకు మాట రాసినవి దొరుకుతాయి. పోలిష్ రాకపోతే మెషీన్ అనువాదం పనికొస్తుంది, కాకపోతే తిట్లు, వెటకారాలు, పొపీవెక్ లాంటి మాటల దగ్గర అది చేతులెత్తేస్తుంది, ఆ మాట యథాతథంగా తీసుకుని అర్థం మీరే వెతకండి. సెయ్‌మ్ ప్రసంగాల్లో బ్రాకెట్లలో "నవ్వులు", "చప్పట్లు" అని ఉంటుంది చూడండి, నాకైతే సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.

ముగింపు ఎక్కడ? విలీనం దగ్గర, ఇంకెక్కడా కాదు. 1994 ఏప్రిల్‌లో డెమోక్రటిక్ యూనియన్‌తో కలిసి ఫ్రీడమ్ యూనియన్ అయింది. ఈ డెమోక్రటిక్ యూనియన్ ఎవరిదంటే మజోవియెత్స్కీది, 1990లో వీళ్ళు ఎవరికి ఎదురు నిలబడ్డారో ఆయనదే. టుస్క్ ఉపాధ్యక్షుల్లో ఒకడయ్యాడు. ఆ తర్వాత కథ, అంటే 2000 చివర్లో ఫ్రీడమ్ యూనియన్ పార్టీ అధ్యక్ష పదవి ఎన్నికలో టుస్క్ గెరెమెక్ చేతిలో ఓడిపోవడం, 2001 జనవరిలో బయటికొచ్చి సివిక్ ప్లాట్‌ఫామ్ పెట్టడం, అదే ఏడాది ఫ్రీడమ్ యూనియన్ 3.10 శాతంతో అదే గోడకి గుద్దుకోవడం, ఇదంతా ఇంకో వ్యాసం. రెండు వాక్యాలు మించి ఇవ్వకండి.

రాసింది రెండు రోజులు పక్కన పెట్టి, సెర్చ్‌లో టుస్క్ అని కొట్టి ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. తర్వాత లెవందోఫ్స్కీ, బ్యెలెట్స్కీ అని కొట్టండి. మొదటి అంకె మిగతా రెండూ కలిపినదాని కంటే ఎక్కువ వస్తే మళ్ళీ చిమ్నీ దగ్గర నుంచి మొదలుపెట్టాల్సిందే. ఇప్పుడే నా వ్యాసం మీద కొట్టి చూశాను, బొటాబొటిగా బయటపడ్డాను.